మ్యాకినా ఐలాండ్‌లో ఒక్కరోజు: కార్లు లేని ద్వీపంలో ఏది ముందు, ఏది తర్వాత

మిషిగన్, చికాగో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చాలామంది మిషిగన్ ఉత్తరాన లేక్ హ్యూరాన్‌లో ఉన్న మ్యాకినా ఐలాండ్ ఒకసారి వెళ్ళొస్తారు. వెళ్ళొచ్చాక ఎలా ఉంది అంటే "బానే ఉంది, గుర్రాల వాసన కొంచెం ఎక్కువ, ఫడ్జ్ బావుంది" అంటారు, అంతే (ఫడ్జ్ అంటే పాలు, పంచదార పాకంతో చేసే మిఠాయి). అది విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే వాళ్ళు పదకొండింటికి ఫెర్రీ దిగి మెయిన్ స్ట్రీట్ జనంలో రెండు గంటలు తిరిగి, గుర్రబ్బండి క్యూలో ఒక గంట నిలబడి, ఎండలో ఏదో తిని, సాయంత్రం ఐదుకల్లా తిరిగొచ్చేశారన్నమాట. అంటే ఆ ద్వీపంలో ఒక వీధి మాత్రమే చూశారు. మేం నాలుగుసార్లు వెళ్ళాం, ఒకసారి అమ్మానాన్నలతో, ఒకసారి స్ట్రోలర్‌లో పిల్లాడితో, ఆ అనుభవంతో రాస్తున్నా, కాస్త పొడుగైనా వెళ్ళేముందు చదవండి.

ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి: ఈ ద్వీపం రెండంతస్తుల ఇల్లు లాంటిది. కింది అంతస్తు అంటే నీటి ఒడ్డునే చుట్టూ తిరిగే చదును రోడ్డు. పై అంతస్తు అంటే గుట్ట, అడవి, కోట, పాత సమాధులు. కింది అంతస్తుకి సైకిల్, పై అంతస్తుకి కాళ్ళు లేదా గుర్రబ్బండి. అద్దె సైకిల్‌తో గుట్ట ఎక్కుదాం అనుకున్నవాళ్ళు సగం దారి సైకిల్ని తోసుకుంటూ ఎక్కుతారు, దిగేటప్పుడు బ్రేకులు గట్టిగా పట్టుకుని భయంభయంగా దిగుతారు, ఆ రెండు గంటలూ ఆనందం ఉండదు. రోజు మొత్తం ప్లాన్ దీని మీదే ఉంటుంది.

ముందు పేరు. స్పెల్లింగ్ చివర్లో సి ఉంటుంది కాబట్టి మ్యాకినాక్ అని చదివేస్తాం, కానీ ఆ సి పలకరు, మ్యాకినా అంతే. ఒడ్డున ఉన్న ఊరు మ్యాకినా సిటీ, దాని స్పెల్లింగ్ వేరు, పలికేది మాత్రం ఇదే, అందుకని మ్యాప్‌లో అడ్రస్ పెట్టేటప్పుడు చూస్కోండి. ఇక్కడి మూలవాసులైన అనిషినాబే ప్రజలు ఈ ద్వీపాన్ని పెద్ద తాబేలు అని పిలిచేవాళ్ళు, ఆ మాటలోంచే ఈ పేరు వచ్చింది. ఫెర్రీలోంచి దూరంగా చూస్తే నిజంగానే నీళ్ళల్లో తాబేలు డిప్ప తేలుతున్నట్టే ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, వాళ్ళే కనిపెడతారు.

కార్లు ఎందుకు లేవు అంటే, 1898లో అప్పుడప్పుడే వస్తున్న మోటారు బండ్ల చప్పుడుకి గుర్రాలు బెదిరిపోతున్నాయని ఊరి కౌన్సిల్ వాటిని నిషేధించింది, తర్వాత 1901లో ద్వీపం మీదున్న స్టేట్ పార్క్ భూమికి కూడా అదే రూల్ పెట్టారు. అంతే, అప్పట్నుంచి ఇప్పటిదాకా మార్చలేదు. అంబులెన్సు, ఫైర్ ఇంజన్ లాంటివి ఉంటాయి, చలికాలం మంచు మీద స్నోమొబైల్స్ తిరుగుతాయి, మిగతా అంతా గుర్రమూ సైకిలూ నడకానే. హోటల్ లగేజీ, చెత్త, షాపుల సరుకులు, కొరియర్ పార్సిళ్ళు కూడా గుర్రబ్బండి మీదే పోతాయి. ఎండాకాలం ద్వీపం మీద 500కి పైగా గుర్రాలుంటాయి, ఏడాది పొడుగునా ఉండే మనుషులు ఇంచుమించు అంతేమంది. ఒక్క నిమిషం మెయిన్ స్ట్రీట్‌లో పక్కకి నిలబడి కళ్ళు మూసుకుని వినండి, డెక్కల చప్పుడు తప్ప ఇంజన్ మోత ఉండదు, మా నాన్న అయితే చిన్నప్పుడు రైల్వేస్టేషన్ నుంచి జట్కాలో ఇంటికెళ్ళిన రోజులు చెప్తూ కూర్చున్నారు.

ఇప్పుడు ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి. మే నుంచి అక్టోబర్ దాకా సీజన్. జూన్‌లో లైలాక్ పూలు పూస్తాయి, ఊరంతా ఆ వాసనే, నన్నడిగితే అదే మంచి టైము. జూలై, ఆగస్టు శనివారాలు మాత్రం వీలైతే మానుకోండి, వారం మధ్యలో ఒక రోజు లీవ్ పెట్టి వెళ్తే ద్వీపమే వేరేలా ఉంటుంది. డెట్రాయిట్ నుంచి ఐ-75 మీద నాలుగు గంటల పైనే డ్రైవ్, అందుకని పొద్దున బయల్దేరి అదే రోజు తిరిగి రావడం అనే సాహసం వద్దు, ముందురోజు రాత్రి మ్యాకినా సిటీలోనో మ్యాకినా బ్రిడ్జి దాటి అవతలి ఊరు సెయింట్ ఇగ్నస్‌లోనో పడుకుని తెల్లారి మొదటి ఫెర్రీల్లో ఒకటి పట్టుకోండి. చికాగో వాళ్ళకి ఇంకో మాట, ఇక్కడ ఈస్టర్న్ టైము, మీకు దార్లో ఒక గంట పోతుంది, ఫోన్ తనంతట తనే మార్చుకుంటుంది కానీ చేతి వాచీ మార్చుకోదు.

ఫెర్రీ రెండు ఊళ్ళ నుంచీ ఉంది, సుమారు ఇరవై నిమిషాల ప్రయాణం. మ్యాకినా సిటీ నుంచి ఎక్కితే పైన ఓపెన్ డెక్ మీద ఎడమవైపు కూర్చోండి, మ్యాకినా బ్రిడ్జి అటే కనిపిస్తుంది. 1957లో తెరిచారు, పొడవు 5 మైళ్ళు, ఒక పక్క లేక్ మిషిగన్, ఇంకో పక్క లేక్ హ్యూరాన్. కొన్ని ట్రిప్పులు ఆ బ్రిడ్జి కిందుగా తిప్పి తీసుకెళ్తాయి, టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, టైం కుదిరితే అదే ఎక్కండి. ద్వీపం దగ్గరకొస్తుంటే మాత్రం కుడివైపు చూడాలి, రౌండ్ ఐలాండ్ ఒడ్డున ఎరుపు తెలుపు లైట్‌హౌస్ ఉంటుంది, 1895 నాటిది. పై డెక్ మీద జూన్‌లో కూడా గాలి కొరికేస్తుంది, స్వెటర్ గానీ జాకెట్ గానీ బ్యాగులో కాదు ఒంటి మీదే ఉండాలి.

సొంత సైకిళ్ళుంటే కొంచెం ఎక్స్‌ట్రా కట్టి ఫెర్రీలో తీసుకెళ్ళచ్చు, ముఖ్యంగా పిల్లల సైజు సైకిళ్ళు మీవి మీకుంటే వెతుకులాట ఉండదు. లేకపోతే దిగగానే అద్దె షాపులు వరసగా ఉంటాయి, ఇద్దరు తొక్కే టాండెం, వెనక చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే బండి, అన్నీ దొరుకుతాయి. సీటు ఎత్తు, బ్రేకులు అక్కడే నిలబడి చెక్ చేస్కోండి, మాకు ఒకసారి ఒక షాపులో చెయిన్ జారిపోయే సైకిల్ ఇచ్చారు, సగం దూరం వెళ్ళాక తెలిసింది, అక్కడ ఎవర్ని పిలుస్తాం. ఈ-బైకులు తేవద్దు, నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అనుమతి లేదు, మీటనొక్కితే దానంతటదే పరిగెత్తే రకం అసలే ఒప్పుకోరు, ఎలక్ట్రిక్ స్కూటర్లూ అంతే.

ఫెర్రీ దిగగానే చుట్టూ ఫడ్జ్ వాసన పట్టి లాగుతుంది, ఆగొద్దు. నేరుగా సైకిలెక్కి కుడిచేతి వైపు, అంటే తూర్పు వైపు బయల్దేరండి. ఈ రోడ్డు పేరు ఎం-185, రాష్ట్ర హైవేనే, కానీ దీని మీద కార్లు నడవవు. చుట్టూ 8 మైళ్ళకి కాస్త పైన ఉంటుంది. కుడివైపు నుంచే ఎందుకు మొదలెట్టమంటున్నా అంటే, ఇక్కడ రోడ్డుకి కుడి పక్కనే తొక్కాలి కదా, అటునుంచి తిరిగితే మీరు ఎప్పుడూ నీటి పక్క అంచునే ఉంటారు, ఎదురొచ్చేవాళ్ళు మీకూ నీళ్ళకీ మధ్యలోకి రారు, ఫొటో కోసం ఆగాలన్నా రోడ్డు దాటే పని లేదు. ఆగకుండా తొక్కితే గంట, మనలా ఆగుతూ తొక్కితే రెండు గంటలు. పొద్దున తొమ్మిదిలోపు ఈ రోడ్డు దాదాపు ఖాళీ, పదకొండు దాటాక తిరునాళ్ళే.

ఒక మైలు దాటాక ఎడమవైపు తలెత్తితే ఆర్చ్ రాక్ కనిపిస్తుంది, సున్నపురాయి కొండ మధ్యలో కన్నం పడి తోరణం లాగా నిలబడిపోయింది, నీటి నుంచి దాదాపు 146 అడుగుల ఎత్తు. మెత్తని రాయి అరిగి కొట్టుకుపోయి గట్టిది మిగిలిందన్నమాట. కింద సైకిళ్ళు స్టాండ్ వేసి మెట్లెక్కి పైకి వెళ్ళచ్చు, రెండొందలకి పైగా మెట్లు, ఆయాసం వస్తుంది కానీ పొద్దున ఎండ నీళ్ళ మీద పడుతున్నప్పుడు ఆ తోరణంలోంచి కిందకి చూస్తే నీళ్ళు ఆకుపచ్చగా మొదలై దూరం పోయేకొద్దీ ముదురు నీలం అవుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కొద్దు, గుర్రబ్బండి టూర్ వాళ్ళు పైనుంచి ఇక్కడికే తీసుకొస్తారు.

అక్కడ్నుంచి సగం దూరం దాకా ఒక పక్క చెట్లు, ఒక పక్క నీళ్ళు, ఇంకేం లేదు, నాకు ద్వీపం మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే. గులకరాళ్ళ ఒడ్డున దిగి కాళ్ళు తడుపుకోండి, నీళ్ళు చల్లగా జివ్వుమంటాయి. రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చడం, జేబులో వేసుకు రావడం మాత్రం వద్దు, ఉన్నచోటే వదిలేయండి.

సరిగ్గా సగం దూరంలో బ్రిటిష్ ల్యాండింగ్ వస్తుంది. బాత్రూములుంటాయి, తినడానికి తాగడానికి కూడా దొరుకుతాయి, పిల్లలుంటే ఇక్కడ అరగంట ఆగాలి. చరిత్ర తెలిస్తే ఈ చోటు ఇంకా బావుంటుంది. 1812 జూలై 17 తెల్లవారుజామున బ్రిటిష్ సైన్యం, వాళ్ళతో కలిసిన స్థానిక తెగలు, జంతువుల బొచ్చు కొని అమ్మే వ్యాపారులు ఇక్కడ దిగి, చప్పుడు కాకుండా ఒక ఫిరంగిని అడవిలోంచి లాక్కెళ్ళి కోట వెనక ఉన్న ఎత్తు మీద పెట్టేశారు. కోటలో అమెరికన్ సైనికులకి యుద్ధం ప్రకటించారన్న కబురే అందలేదు. తెల్లారి చూస్తే నెత్తి మీద ఫిరంగి, పోరాడకుండానే కోట అప్పజెప్పేశారు. 1814 ఆగస్టులో అమెరికన్లు ఇదే ఒడ్డున దిగి తిరిగి తీసుకోవాలని చూసి ఓడిపోయారు, మేజర్ హోమ్స్ అనే ఆయన చనిపోయాడు. చివరికి యుద్ధం ఆగి సంధి కుదిరాక 1815లో కోట అమెరికన్ల చేతికి తిరిగొచ్చింది. ఈ కథ గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం పైకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

రెండో సగంలో బ్రిడ్జి కనిపించడం మొదలౌతుంది. గాలి పడమటి నుంచి కొడుతుంటే ఇక్కడ తొక్కడం కాస్త బరువుగా ఉంటుంది, మొదటి సగంలో కాళ్ళు అరగ్గొట్టుకోకండి. ఊరు దగ్గరపడేటప్పుడు డెవిల్స్ కిచెన్ అని చిన్న గుహ, రోడ్డు పక్కనే, ఐదు నిమిషాలు చాలు.

గుర్రాల దగ్గర సైకిల్ మర్యాద ఒకటుంది. గుర్రబ్బండికే ఎప్పుడూ ముందు దారి ఇవ్వాలి, అది పెద్దది, టక్కున ఆగలేదు. ముందు నుంచి అడ్డంగా కోయొద్దు, వెనక దగ్గరగా అంటుకుని తొక్కొద్దు, రోడ్డు మధ్యలో ఆగి సెల్ఫీలు దిగొద్దు. గుర్రాన్ని ముట్టుకోవాలంటే తోలేవాళ్ళని అడగాలి, అవి పనిలో ఉన్నాయి కదా. పేడ ఉంటుంది, దాన్ని ఎత్తడానికి మనుషులు రోజంతా తిరుగుతూనే ఉంటారు, మంచి బూట్లు వేసుకు రాకపోతే సరిపోతుంది.

ఊళ్ళోకి వచ్చాక సైకిల్ తిరిగిచ్చేయండి. గంటల లెక్కన అద్దె కాబట్టి తాళం వేసి వదిలేసి కోటకి పోతే ఊరికే మీటర్ తిరుగుతుంది. భోజనం సంగతి: శాకాహారులకి పిజ్జా, శాండ్‌విచ్, సలాడ్ లాంటివి దొరుకుతాయి గానీ పన్నెండున్నరకి ప్రతిచోటా క్యూ. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళి కోట కింద మార్కెట్ (Marquette) పార్క్ గడ్డిలో దుప్పటి పరుచుకుని తిన్నాం, పైన కోట, ముందు పడవలు, ఇంతకన్నా మంచి టేబుల్ డబ్బులిచ్చినా దొరకదు. సీగల్స్ చేతిలో ముద్ద కూడా లాక్కుపోతాయి, డబ్బా మూత తీసి పెట్టొద్దు.

మధ్యాహ్నం పై అంతస్తు. ఫోర్ట్ మ్యాకినాకి ఆ పార్క్ పక్కనుంచే ఏటవాలు దారి ఉంది, బాగా నిటారు, నిదానంగా ఎక్కండి. బ్రిటిష్ వాళ్ళు 1780 ప్రాంతంలో అమెరికన్ స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో కట్టారు, సున్నపురాయి కొండ అంచున. అప్పటి భవనాలు ఇంకా నిలబడి ఉన్నాయి, సైనికుల వేషాల్లో ఉన్నవాళ్ళు తుపాకులు, ఫిరంగి పేల్చి చూపిస్తారు, టైమింగ్స్ గేటు దగ్గరే ఉంటాయి, లోపలికి వెళ్ళగానే చూస్కోండి. పసిపిల్లలుంటే ఫిరంగికి దూరంగా నిలబడి చెవులు మూయండి. రెండు గంటలు పెట్టుకోండి. టికెట్ పారేయకండి, కింద ఊళ్ళో ఉన్న చిన్న చిన్న మ్యూజియంలకి కూడా అదే చెల్లుతుంది, చాలామందికి ఇది తెలియక వదిలేస్తారు.

ఆ మ్యూజియంల్లో ఒకటి మాత్రం తప్పకుండా చూడండి, డాక్టర్ బోమాంట్‌ది. 1822 జూన్‌లో ఇక్కడి బొచ్చు కంపెనీ స్టోర్‌లో తుపాకీ పొరపాటున పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి పొట్టలో తగిలింది. చనిపోతాడనుకున్నారు, కోట డాక్టర్ విలియం బోమాంట్ బతికించాడు, కానీ గాయం పూర్తిగా మూసుకోక పొట్టలోకి కన్నం అలాగే ఉండిపోయింది. ఆ డాక్టర్ దారానికి ఆహారం ముక్కలు కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దింపి, కాసేపటికి పైకి లాగి ఎంత అరిగిందో చూసి రాసుకునేవాడు. అలా ఏళ్ళ తరబడి చేసి 1833లో పుస్తకం వేశాడు, తిండి పొట్టలో రసాల వల్ల అరుగుతుందని లోకానికి గట్టిగా తెలిసింది ఆ పనివల్లే. నాకు మాత్రం ఆ డాక్టర్ కన్నా ఆ కుర్రాడే ఎక్కువ గుర్తుండిపోయాడు, పేదవాడు, అంత బాధ భరించినవాడు, అతని పేరు కూడా మీ పిల్లలకి చెప్పండి.

నడవగలిగినవాళ్ళు కోట వెనక గేటు నుంచి అడవి వైపు వెళ్ళండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫోర్ట్ హోమ్స్ వస్తుంది, ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, నీటి నుంచి 320 అడుగులు. పొద్దున చెప్పిన కథలో చనిపోయిన మేజర్ పేరే ఇది. కోట మీద నిలబడి ఇటు చూస్తే, ఇక్కడ నిలబడి కోటని చూస్తే, కోట ఎందుకు పోరాడకుండా లొంగిపోయిందో నోటితో చెప్పక్కర్లేదు. జనం ఉండరు. దగ్గర్లోనే స్కల్ కేవ్, 1763లో అలెగ్జాండర్ హెన్రీ అనే వ్యాపారి స్థానిక తెగలకీ బ్రిటిష్ వాళ్ళకీ మధ్య గొడవల్లో ప్రాణం దక్కించుకోడానికి ఒక రాత్రి అందులో దాక్కుని, తెల్లారి చూస్తే తను ఎముకల మీద పడుకున్నానని తెలిసిందట. ఇంకొంచెం ముందుకెళ్తే షుగర్ లోఫ్, అడవి మధ్యలో 75 అడుగుల ఒంటి రాయి స్తంభం. ఇవన్నీ కలిపి ఒకటిన్నర రెండు గంటలు, మంచినీళ్ళు మోసుకెళ్ళాలి. ఈ అడవి ఇంత బాగా మిగలడానికి కారణం ఉంది, యెల్లోస్టోన్ తర్వాత 1875లో అమెరికాలో రెండో నేషనల్ పార్క్ అయింది ఇదే, 1895లో మిషిగన్‌కి ఇచ్చేశాక వాళ్ళ మొదటి స్టేట్ పార్క్ అయింది.

పెద్దవాళ్ళు, స్ట్రోలర్ పిల్లలు ఉంటే లెక్క మొత్తం తిరగెయ్యండి. పొద్దున్నే గుర్రబ్బండి టూర్, క్యూ పెరక్కముందే. మెయిన్ స్ట్రీట్‌లో రెండు గుర్రాల బండి ఎక్కిస్తారు, గుట్ట పైన సర్రే హిల్ దగ్గర దించి మూడు గుర్రాలు లాగే పెద్ద బండి ఎక్కిస్తారు, ఆర్చ్ రాక్ దగ్గర ఆగుతుంది, కోట దగ్గర దిగిపోవచ్చు. మొత్తం రెండు గంటల లోపే. తెలివైన పని ఏంటంటే కోట దగ్గర దిగి కోట చూసుకుని కిందకి నడిచి రావడం, ఎక్కే బాధ గుర్రాలు పడ్డాయి, మీకు దిగడమే. మా అమ్మ ఇలాగే మోకాలి బెల్టు వేసుకుని మొత్తం చూసింది. సర్రే హిల్ దగ్గర సీతాకోకచిలుకల హౌస్ ఉంది, చిన్నపిల్లలకి బాగా నచ్చుతుంది.

గ్రాండ్ హోటల్ గురించి అందరూ అడుగుతారు. 1887లో కట్టారు, వరండా పొడవు 660 అడుగులు, తెల్లగా గుట్ట మీద ఉంటుంది. అక్కడ బస చేయనివాళ్ళు లోపలికి వెళ్ళాలంటే డబ్బు కట్టాలి, సాయంత్రం అయితే డ్రెస్ కోడ్ కూడా. ఒక్కరోజు ట్రిప్‌లో నేనైతే వెళ్ళను, రోడ్డు మీంచి చూస్తే చాలు, ఆ గంట ఫోర్ట్ హోమ్స్‌కి ఇస్తా. కుర్చీలో వాలి నీళ్ళు చూస్తూ కాఫీ తాగడమే మీకు సెలవంటే మాత్రం వెళ్ళండి.

ఫడ్జ్ చివర్న. పాలరాయి బల్ల మీద వేడి పాకం పోసి గరిటెతో మడతలు పెడుతుంటారు, కొనకపోయినా నిలబడి చూడాలి. టూరిస్టుల్ని ఇక్కడివాళ్ళు ఫడ్జీలు అని పిలుస్తారు కూడా. పొద్దునే కొంటే రోజంతా మోయాలి, ఎండకి ముద్దవుతుంది, అందుకే పడవెక్కే ముందు.

అన్నిటికన్నా జాగ్రత్త: ఆఖరి ఫెర్రీ. జూన్, జూలైల్లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, ఇంకా సాయంత్రమే కదా అనిపిస్తుంది, ఆ మోసంలో పడకండి. ఏ ఊరికి, ఎన్నింటికి ఆఖరి పడవో పొద్దున దిగగానే బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి, సీజన్ మొదట్లో, చివర్లో ఇంకా తొందరగా ఆపేస్తారు. రెండు ఊళ్ళకీ పడవలుంటాయి కాబట్టి మీ కారు ఏ ఊళ్ళో ఉందో ఆ పడవే ఎక్కాలి, క్యూలో నిలబడేముందు బోర్డు మీద ఊరి పేరు చదవండి. సైకిళ్ళు తెచ్చుకుంటే అరగంట ముందే రేవు దగ్గరుండండి, వాటిని ఎక్కించడానికి టైం పడుతుంది. ఖాళీ దొరికితే ఈసారి వెనక డెక్ మీద కూర్చోండి, తాబేలు డిప్ప మళ్ళీ కనిపిస్తుంది, ఏ మూల ఏముందో మీకిప్పుడు వేలు పెట్టి చూపించడం వస్తుంది.